గౌను బిగుతైంది

"దిగకండి, అంకెలింకా గెంతుతున్నాయి!" అంది దర్జీ భార్య నవ్వాపుకోలేక.

కాటా మీద నిలబడ్డ దర్జీ కిందికి వంగి చూశాడు. డెబ్భై అంది. డెబ్భై ఆరంది. అంతలోనే అరవై ఎనిమిదికి దిగింది.

"ఇదేం కాటా అమ్మా? క్షణంలో లావు చేస్తుంది, క్షణంలో చిక్కిస్తుంది" అన్నాడు, అక్కడ వ్యాయామం నేర్పే అమ్మాయితో.

"సముద్రం మీద ఇంతే సార్. ఓడ ఊగితే అదీ ఊగుతుంది. అయినా ఎందుకు చూసుకోవడం? ఈ ఓడెక్కినవాళ్లంతా లావెక్కే దిగుతారు."

"నీ నోట్లో పంచదార పొయ్య! మాక్కావలసిందదే."

బరువు పెరగాలని కోరుకునేవాళ్లని ఆ అమ్మాయి అంతకుముందు చూసినట్టు లేదు. ఆవిడ వంక, ఆవిడ కప్పుకున్న శాలువా వంక చూసి, పక్కనున్న కుర్చీ ఆవిడ ముందుకి జరిపింది.

వాళ్లు విహారానికి వచ్చారన్న మాటే గాని, దర్జీ ప్రాణమంతా ఆ కాటా మీదే ఉంది. ఆవిడ కడుపులో గడ్డకి ఒక విడత మందు ఎక్కించారు. దాంతో మనిషి సగమైంది. "నలభై రెండు కిలోలకి వస్తేనే రెండో విడత. ఇప్పుడున్న ముప్పై తొమ్మిదికి ఎక్కిస్తే రోగం కన్నా ముందు మందే తీసుకుపోతుంది. ఆకలి పుట్టే చోటికి ఎక్కడికైనా తీసుకెళ్లండి" అన్నాడు డాక్టరు. ఓడ దిగిన రోజే ఆస్పత్రిలో తూకం. పెళ్లయినప్పటి నుంచి వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూ నెట్టుకొచ్చిన ఓడ ప్రయాణం ఇలా ప్రాణం మీదికొచ్చాక కుదిరింది.

"పోనీ, టేపుంటే నడుమైనా కొలిచేవాణ్ణి. సామాన్లు సర్దింది నువ్వే కదా, టేపు పెట్టలేదేం?" అని గొణిగాడు గదికి వెళ్తూ.

"ఇక్కడ కూడా మెళ్లో టేపేసుకుని తిరుగుతారా? జనం వరస కట్టి చొక్కాలకి కొలతలిస్తారు." ఆవిడ శాలువా సర్దుకుంటూ అంది: "కాటా లేకపోతేనేం, మీరు కుట్టిన నీలం గౌనుంది. అది బిగుతైతే నేను ఒళ్లు చేసినట్టే. మీ కుట్టు మీద మీకు నమ్మకం లేదా?"

బయల్దేరే ముందు ఆవిడ ఒంటికి సరిగ్గా కొలిచి కుట్టిన గౌనది. ఏ కాటా అయినా తప్పు చూపిస్తుందేమో గాని అతని కుట్టు చూపించదు.

ఇక చూడాలి అతని హడావిడి. భోజనాల హాల్లో ఏ కొత్త వంటకం కనిపించినా ఆవిడ ముందు పెట్టాల్సిందే. "ఇది చాలండీ. ఆ మూల ఏదో తీపి పెట్టినట్టున్నారు, తెచ్చి పెట్టరూ?" అనేది ఆవిడ. అతను పరుగున వెళ్లి వచ్చేసరికి ముందు పెట్టిన ప్లేటు ఖాళీ! దర్జీకి ఏనుగెక్కినంత సంబరం.

మూడో రోజు పొద్దున్న గౌను వెనక జిప్పు పైకి లాగబోతే ససేమిరా రానంది.

"ఊపిరి బిగబట్టు."

"బిగబట్టే ఉన్నానండీ బాబూ!"

కిందా మీదా పడి లాగేసరికి అతనికి చెమటలు పట్టాయి. చెమటలతో పాటు కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. అవి కనబడకుండా ఆవిడ భుజం మీద తల ఆనించాడు. ఆ పూట లిఫ్టులో ఎక్కిన ముక్కూ మొహం తెలియని వాళ్లందరికీ, "మా ఆవిడ గౌను బిగుతైందండీ" అని చెప్పుకున్నాడు. వాళ్లు పాపం ఓదార్చారు.

ఆ తర్వాత రోజు రోజుకీ జిప్పుతో కుస్తీ పెరిగిందే గాని తగ్గలేదు. ఆవిడ మాత్రం నాలుగడుగులు వేసి కుర్చీ వెతుక్కునేది. "ఇంత ఒళ్లు మొయ్యొద్దూ?" అనేది. వేలికి ఉంగరం కనబడకపోతే, నీళ్లలో జారిపోతుందని తీశానంది. ఒకసారి మెట్ల దగ్గర చెయ్యి పట్టుకుంటే ఎముకలే తగిలాయి. అతను ఆ మణికట్టు వంకే చూశాడు.

"ఎవరికైనా ముందు నడుము దగ్గరే పడుతుందండీ. చేతుల దాకా రావడానికి టైము పట్టదూ?"

నిజమే కాబోలనుకున్నాడు. నిజం కావాలని అంత గట్టిగా కోరుకునేవాడికి ఆ మాట చాలదూ!

ఆఖరి రోజు మధ్యాహ్నం ఇద్దరూ పైన ఎండలో కూర్చున్నారు.

"మీరింతలా నవ్వగా నేనెప్పుడూ చూళ్లేదు" అందావిడ. "ఎప్పుడు చూసినా ఆ మిషను మీదే వంగి ఉండేవారు."

"రేపు కాటా ఎక్కాక చూడు నా నవ్వు."

ఆవిడ శాలువా మెడదాకా లాక్కుని కళ్లు మూసుకుంది. ఆవిడ నిద్రలోకి జారుకున్నాక దర్జీ చప్పుడు కాకుండా లేచాడు. పొద్దున్న గౌను విప్పినప్పుడు ఆవిడ వీపు మీద కుట్టు ఒరుసుకుని ఎర్రగా కందింది. అది చూసినప్పటినుంచీ అతని మనసు మనసులో లేదు. రేపు ఆస్పత్రికి ఆ గౌనే వేసుకెళ్తుందట. ఆవిడ లేచేలోగా వదులు చేసి పెడితే ఎంత సంతోషిస్తుందో!

గది సర్దే మనిషిని అడిగి చిన్న కత్తెర పుచ్చుకున్నాడు. ఒళ్లు చేస్తే వదులు చేసుకోవడానికని ఏ గౌనుకైనా లోపల రెండు వేళ్ల గుడ్డ వదలడం అతని అలవాటు. దీనికి ఆశ కొద్దీ మూడు వేళ్లు వదిలాడు. ఈల వేసుకుంటూ కిటికీ దగ్గర కూర్చుని గౌనును లోపలి వైపుకి తిప్పాడు.

అతని మిషను కుట్టుకి ఇవతల, నీలం దారంతో, సన్నని చేతికుట్లు వరస మీద వరస ఉన్నాయి.

నడుము చిక్కినప్పుడల్లా ఆవిడే దాన్ని ఇంకాస్త బిగించి కుట్టుకుంది.