ఖాతాదారే మాట్లాడాలి

"పేరు?"

"హెబ్రోను."

"పుట్టిన ఊరు?"

"జువ్వలదిన్నె."

"చేసే పని?"

"స్టేషన్ మాస్..." పెంచలయ్య నాలుక కరుచుకున్నాడు. "పడవ ఇంజన్ల మెకానిక్కు."

ఆనందకుమారి నెత్తి కొట్టుకుంది. "ఇంకో పావుగంటలో ఫోనొస్తుంది మాస్టారూ. ఆ మాట మళ్ళీ మీ నోట్లోంచి వచ్చిందంటే నా కొంప మునిగినట్టే."

"ఏంది చెల్లెమ్మా నువ్వు! ముప్ఫై నాలుగేళ్ళు రైళ్ళు నడిపించినోణ్ణి, ఒక్క అబద్ధం నడిపించలేనా?"

నడిపించలేడనే ఆమె భయం. బిట్రగుంటలో గోడ అవతలి ఇంటి పెంచలయ్యంత నిక్కచ్చి మనిషి ఇంకొకడు లేడు. కానీ హెబ్రోను వయసు మగగొంతు కావాలంటే ఆమెకు ఆయనే దిక్కు.

ఆమె భర్త హెబ్రోను పోయి పది నెలలైంది. టీవీ కింద ఆయన గేమ్ కన్సోల్ అలాగే ఉంది. అందులో ఊళ్ళు కట్టుకునే ఆట ఒకటి. పని నుంచి వచ్చి, గ్రీజు కడుక్కొని, ఆరేళ్ళపాటు ఆయన జువ్వలదిన్నె రేవును అందులో ఇటుక ఇటుకగా కట్టాడు. పడవల మోకులు, వలలు ఆరేసిన గుంజలు, చర్చి మీద గంట. తుఫానులో కొట్టుకుపోయిన తండ్రి ఇంటిని, ఫొటో అయినా లేకుండా, జ్ఞాపకంతోనే నిలబెట్టాడు. చూసినవాళ్ళు నోరు తెరిచేవాళ్ళు. ఆయన పోయాక ఆనందకుమారి కంట్రోలర్ పట్టడం నేర్చుకుంది. రోజూ సాయంత్రం ఆ రేవులో ఒక చుట్టు తిరిగి, చర్చి గంట కొట్టి వచ్చేది.

పోయిన వారం తెర మీద తాళం బొమ్మ పడింది. హెబ్రోను సిమ్ము రద్దయిందట. ఖాతాదారే కొత్త నంబరు ఇచ్చి, స్వయంగా ఫోన్లో మాట్లాడి రుజువు చేసుకోవాలట. లేదంటే శనివారం అంతా తుడిచేస్తారట. ఇవాళ శుక్రవారం.

పేరు చెప్పకుండా ఆమె ముందే కంపెనీకి ఫోన్ చేసి అడిగింది. "ఖాతాదారు చనిపోయి ఉంటే?"

"అకౌంటు మూసేస్తాం మేడమ్. ఆట మీరు కొన్నట్టు కాదు, ఆడుకునే అనుమతి తీసుకున్నట్టు. అది వారసులకు రాదు."

డబ్బిచ్చి కొన్న ఆట తమది కాదు. ఆయన చేతులారా కట్టిన ఊరూ తమది కాదు!

"మాస్టారూ, ఇంకొకటి. ఆ నంబరు జబ్బు బయట పెట్టొద్దు."

అది పెంచలయ్యకు ఉద్యోగం అంటించిన జబ్బు. ఒక స్టేషన్ మాస్టరు ఇంకో స్టేషన్ మాస్టరుకు ఫోన్లో మాట ఇస్తే చివర ఒక రహస్య అంకె చెప్పాలి. దాన్ని ప్రైవేట్ నంబర్ అంటారు. అవతలివాడు కూడా తన అంకె చెబితేనే ఆ మాట ఖాయం. రైల్వే కుటుంబాలకు తప్ప బయటివాళ్ళకు ఈ సంగతి తెలియదు. రిటైరై ఏడేళ్ళయినా పెంచలయ్య నోటికొచ్చిన అంకె చెప్పందే ఫోన్ పెట్టడు. మొన్న గ్యాసు బండకు ఫోన్ చేసి ఇరవై మూడు అంటే, అవతలి అమ్మాయి ఓటీపీ అనుకొని రాసుకుంది.

ఫోన్ మోగింది. ఆనందకుమారి స్పీకర్ నొక్కింది.

"గేమ్ కంపెనీ నుంచి కిషోర్ బాబు. ఈ కాల్ రికార్డవుతోంది. అడిగినదానికే జవాబు చెప్పండి. ఒక్క మాట ఎక్కువ వద్దు." కుర్ర గొంతు, కత్తిలా ఉంది. "ఖాతాదారు హెబ్రోను మీరేనా?"

"ఆ, నేనే. హెబ్రోను శానా మంచి మని..."

"అడిగినదానికే సార్! మీరేం చేస్తారు?"

"పడవ ఇంజన్లు బాగుచేస్తా."

"మీరు మొదట కొన్న ఆట?"

చేపల ఆట అని పదిసార్లు వల్లె వేయించింది ఆనందకుమారి.

"రైలు ఆట," అన్నాడు పెంచలయ్య.

ఆమె తల పట్టుకుంది. అవతల కీబోర్డు టకటకలాడింది.

"సరే. తర్వాతిది."

ఆమె ఉండబట్టలేకపోయింది. "ఆయనకు మతిమరుపు బాబూ, అసలు మా ఆయన..."

"ఎవరండీ మధ్యలో? ఆ గొంతు రికార్డులో వినపడకూడదు. ఒకసారి చెబితే అర్థం కాదా?"

ఎంత పొగరు! ఆమె పళ్ళు బిగబట్టింది.

ఇంతలో కిటికీ అద్దాలు అదిరాయి. పట్టాల మీద బండి పోతోంది. చప్పుడు తగ్గేదాకా కిషోర్ బాబు ఆగాడు. "గూడ్సు. లోడు మీదుంది," అన్నాడు తనలో తనే. పెంచలయ్య కళ్ళు మెరిశాయి. నోరు తెరవబోయాడు. ఆనందకుమారి ఆయన మోచేతి మీద గట్టిగా గిల్లింది.

"చివరి ప్రశ్న. మీ రేవులో చర్చికి ఎన్ని మెట్లు?"

"ఏడు." ఈసారి పెంచలయ్య తడుముకోలేదు. "ఆరోది పగిలుంటాది. అసలు చర్చిలోనూ అంతే. పగులు కూడా వదల్లేదు."

అవతల కీబోర్డు చప్పుడు ఆగింది.

"చూశాను. బాగా కట్టినారు." మళ్ళీ అదే కత్తి గొంతు. "తాళం తీసేస్తాం. ఇకమీద ఆ అకౌంటులో పేరు మార్చకండి, నంబరు మార్చకండి. దీని గురించి కంపెనీకి ఎప్పుడూ ఫోన్ చేయకండి. అర్థమైందా?"

ఆర్డరు వినగానే పెంచలయ్య వెన్ను నిటారుగా నిలబడింది.

"పేరు మార్చకూడదు, నంబరు మార్చకూడదు, ఫోన్ చేయకూడదు. అర్థమైంది. ప్రైవేట్ నంబర్ నలభై ఏడు."

ఆనందకుమారి కళ్ళు మూసుకుంది. అయిపోయింది. పడవ మెకానిక్కు నోట స్టేషన్ మాస్టరు మాట! అదీ రికార్డులో.

పెంచలయ్య చేత్తో నోరు మూసుకున్నాడు. ఫోన్లోంచి ఒక యంత్రపు ఆడగొంతు పలికింది: "రికార్డింగ్ ముగిసింది."

ఆ వెనకే కిషోర్ బాబు గొంతు, ఈసారి మెల్లగా వినిపించింది.

"నాది అరవై రెండు, మాస్టారూ."