గొట్టంలో మడ్డి

"మడ్డి ఇంకా ఆడే ఉండాది!" గొట్టాన్ని సుత్తితో మళ్లీ కొట్టి అరిచాడు యతిరాజులు మేస్త్రి.

"నా బిడ్డల మీద ఒట్టు బావా, బాగా గీకినా," అన్నాడు చెల్లెలి మొగుడు గోవిందస్వామి.

మద్రాసు హార్బరులో ఓడ నుంచి ఒడ్డునున్న ట్యాంకికి నల్లచమురు పారే గొట్టం అది. లోపల మడ్డి పేరుకుంటే చమురు కదలదు. తాడు కట్టిన ఇనప బ్రష్షు లాగి గీకాలి. అది పోయిందా లేదా అన్నది మాత్రం మేస్త్రి సుత్తి చెప్పాల్సిందే. శుభ్రమైన గొట్టం ఖంగుమంటుంది, మడ్డి పట్టింది మొద్దుగా మోగుతుంది. విప్పి చూడాలంటే పూటంతా పడుతుంది. అందుకే అక్కడ యతిరాజులు మాట వేదవాక్కు.

గోవిందస్వామి మళ్లీ గీకాడు, యతిరాజులు మళ్లీ కొట్టాడు. అదే మొద్దు మోత! అవతల ఓడ కాచుకుని ఉంది. ఇంజనీరు వచ్చి నెత్తిన కూర్చున్నాడు.

"తప్పెవరిది మేస్త్రీ?"

బంధువని వెనకేసుకొస్తే రేపు తన మాటకు విలువేముంటుంది? "వీడు పనిదొంగ సార్!" అనేశాడు యతిరాజులు. గోవిందస్వామిని అప్పుడే గేటు బయటికి పంపేశారు.

మర్నాడు గొట్టం విప్పించారు. లోపల అద్దంలా ఉంది. మడ్డి అన్నదే లేదు.

"అయ్యో, ఎంత పాపం చేస్తిని!" యతిరాజులు గుండె బాదుకున్నాడు. ఇంజనీరు కాళ్లావేళ్లా పడి, మళ్లీ పనిలో పెట్టుకునేలా ఒప్పించి, రాయపురంలో చెల్లెలింటికి పరిగెత్తాడు. తలుపు దగ్గరికి వేసి ఉంది.

"గోవిందస్వామీ, తప్పంతా నాదేనప్పా! పనిలోకి రా. తిట్టు, కొట్టు, ఒక్క మాట మాట్లాడు!"

తలుపు తట్టాడు. బతిమాలాడు. ఊహూ, ఉలుకూ లేదు పలుకూ లేదు. అవున్లే, పొట్టమీద కొట్టినవాడి మొహం ఎవరు చూస్తారు? తన నోరు పడిపోయినా బాగుండేదే! కళ్లు తుడుచుకుంటూ వెనక్కి మళ్లాడు.

వీధి మొగలో చెల్లెలు చెంగమ్మ బిందె దించి, ఉరికొచ్చి, అతని భుజం పట్టి కుదిపింది.

"ఏందన్నా ఇది! ఒంటినిండా సబ్బుతో ఆయన పెరట్లో నుంచి 'తలుపు తీసే ఉండాది, లోపలికి రా బావా' అని గొంతు చించుకుంటా ఉంటే, ఈడ కుళాయి కాడ మాకే వినబడె. నీకు వినబళ్లేదా?"