స్టాండు తియ్యన్నా

కొల్హార్‌లో డ్యూటీ దిగి, చీకటిపడ్డాక నథానియేల్ బైకు మీద ఇంటికి వస్తున్నాడు. నౌబాద్ దగ్గర వెనక నుంచి ఎవరో మెల్లగా అన్నారు.

"అన్నా, స్టాండు తియ్యి."

అద్దంలో చూశాడు. రోడ్డంతా ఖాళీ.

నెల కిందట ఇక్కడే ఒకతను "జరగన్నా" అని కసిరి, బండి మీద నథానియేల్‌ని దాటిపోయాడు. ఆ బండి సైడ్ స్టాండు కిందికే ఉంది. నథానియేల్ చూశాడు. ఒక్క కేక వేస్తే సరిపోయేది. 'పడనీ, తెలుస్తది' అనుకుని ఊరుకున్నాడు. ముందున్న ఎడమ మలుపులో స్టాండు నేలకు తగిలింది. పడ్డ మనిషి మళ్లీ లేవలేదు.

"మలుపొస్తాంది అన్నా. జల్ది తియ్యి."

ఆనాడు "జరగన్నా" అన్న గొంతే. ఈసారి చెవి పక్కనే. అందులో కోపం లేదు, కంగారు ఉంది. నథానియేల్ సిగ్గుతో తల దించుకున్నాడు.

తన స్టాండు కిందికే ఉంది.