ఆధార్‌లో ఉన్న నంబరు

“ఓటీపీ పోయిందమ్మా. హెర్బర్ట్ సార్ ఫోన్‌కు పోయింది. ఫోన్ చేసి అడుగుండ్రి,” అన్నాడు ట్యాక్స్ కన్సల్టెంట్ బాలకిషన్, కంప్యూటర్ మీంచి తలెత్తకుండా.

జిప్పోరాకు మొగుడితో మాటల్లేక ఏడాది దాటింది. ఆయన ఖైరతాబాద్‌లో అన్నగారింట్లో, ఆమె గౌలిగూడలో కిరాయి ఇంట్లో. గొడవ దేనికి మొదలైందో ఇద్దరికీ సరిగ్గా గుర్తులేదు గానీ, పంతం మాత్రం నిక్షేపంలా ఉంది. ముందు ఎవరు ఫోన్ చేస్తే వాళ్లు ఓడినట్టు.

“నా రిటర్న్‌కు ఆయన ఫోనెందుకు సార్?”

“మీ ఆధార్‌ల ఉన్నది ఆయన నంబరే గదమ్మా.”

నిజమే. చర్చి ఆవరణలో ఆధార్ క్యాంపు పెట్టినప్పుడు హెర్బర్ట్ ఇంటిల్లిపాదికీ తన నంబరే రాయించాడు. పెళ్లానికి, అత్తగారికి, ఆఖరికి అత్తగారి చెల్లెలికి కూడా. ఎంత బాధ్యత గల మనిషోనని ఆ రోజు అందరూ మెచ్చుకున్నారు. అందరికంటే ఎక్కువ జిప్పోరాయే మురిసిపోయింది.

“నంబరు మార్పిస్తే కాదా?”

“మారుస్తరు గని, దినాలు పడ్తది. ఓటీపీ అంటే సంతకం లెక్క. గది కొట్టకుంటే రిటర్న్ వేసినా వెయ్యనట్టే. ఇయ్యాల్నే ఆఖరు తారీఖు.” అంతమాటనేసి ఆయన కీబోర్డు మీది దుమ్ము తుడుచుకోవడంలో పడిపోయాడు.

హోంవర్క్ తేని పిల్లల్ని బెంచీ ఎక్కించే టీచరమ్మ జిప్పోరా. గడువు దాటించడం ఆమె వల్ల కాదు. ఫోన్ చేతిలో పట్టుకుని కిటికీ దగ్గరికెళ్లింది. కింద ఆబిడ్స్ అంతా వానలో కరిగిపోతోంది. షాపుల బోర్డుల రంగులన్నీ రోడ్డు మీది నీళ్లలోకి జారిపోయాయి. వాటి మీంచి ఆటోలు చప్పుడు లేకుండా తేలిపోతున్నాయి. తనే చేస్తోందో, కలలో ఇంకెవరో చేస్తున్నారో తెలియనట్టుగా నంబరు నొక్కింది.

మొదటి రింగుకే ఎత్తాడు.

“జిప్పోరా?”

ఈ ఏడాదిలో ఆమె స్కూల్లో మేడమ్, ఇరుగుపొరుగుకు అక్క. ఉత్త పేరు పెట్టి పిలిచిన వాళ్లు లేరు.

“ఓటీపీ వచ్చిందా?” అంది, వీలైనంత కటువుగా.

“వచ్చింది. రాస్కో.”

అంకెలు చెప్పడం మొదలుపెట్టాడు. ఆదివారం ఆరాధనలో పాడబోయే కీర్తన నంబరు ప్రకటించేది హెర్బర్టే. వెనక బెంచీల్లోని ముసలమ్మలకు కూడా పేజీ దొరికేలా ఒక్కో అంకె విడివిడిగా, తాపీగా చెప్తాడు. ఇప్పుడూ అలాగే చెప్పాడు. బాలకిషన్ గది మెల్లగా దూరమైపోయింది. హార్మోనియం తొలి శ్రుతి వినపడింది. తెల్లచీరలు కదిలాయి. ఒకే పుస్తకం చెరోవైపు పట్టుకుని పక్కపక్కన నిలబడి పాడుతున్నారు ఇద్దరూ. పేజీ ఎగరకుండా ఆయన బొటనవేలు అదిమిపెట్టి ఉంది.

“చెప్పుండ్రమ్మా,” అన్నాడు బాలకిషన్.

జిప్పోరా ఉలిక్కిపడి నోటికొచ్చిన అంకెలేవో చెప్పింది. కంప్యూటర్ ఒప్పుకోలేదు.

“పర్వాలేదు, మళ్ల పంపిస్త,” అన్నాడు బాలకిషన్.

“జర గట్టిగ చెప్పు. వాన చప్పుడుకు వినొస్తలేదు,” అంది జిప్పోరా ఫోన్‌లో.

“గీడ గూడ వాననే. నాంపల్లి స్టేషన్ కాడున్న. గొడుగు లేదు.”

“నీకు ఎప్పుడుండె గనక! జలుబు చేస్తది.”

“ఆల్రెడీ చేసింది.”

“మిరియాల కషాయం తాగినవా?”

“ఎవరు పెడ్తరు?”

ఫోన్ ఎవరూ పెట్టలేదు. నాంపల్లి వాన ఆమె చెవిలో కురుస్తోంది, ఆబిడ్స్ వాన ఆయన చెవిలో. అంతసేపట్లో ఓటీపీ గడువు కాస్తా తీరిపోయింది.

“గిది ఫోన్ల అయ్యే పని కాదు. సార్‌నే రమ్మనుండ్రి,” అన్నాడు బాలకిషన్.

ఆ మాట ఫోన్‌లో హెర్బర్ట్‌కూ వినపడింది. “వస్తున్న,” అన్నాడు.

వచ్చాడు. నిలువెల్లా తడిసి, ఫోన్‌ను మాత్రం రుమాల్లో చుట్టి చొక్కా లోపల దాచుకుని వచ్చాడు. చిక్కిపోయాడు. జిప్పోరాకు ఓడిపోయానన్న ఉక్రోషం ఉంది. దానికంటే సంతోషం ఎక్కువ ఉంది. ఆ సంతోషం మొహంలో తెలిసిపోతోందేమోనని సిగ్గుగా కూడా ఉంది. కొంగు తీసి ఇచ్చింది. ఆయన తల తుడుచుకుని ఫోన్ ఆమె చేతికిచ్చాడు. ఆమె అంకెలు చదివింది, బాలకిషన్ కొట్టాడు, తెర మీద పచ్చటి టిక్కు పడింది.

“ఇంటికి పోదమా? కషాయం పెడ్త,” అంది తలుపు దాటాక, మెట్ల మీద, ఆయన వైపు చూడకుండా.

అప్పుడే ఒక పెద్దావిడ వాళ్లను తప్పించుకుని లోపలికెళ్లింది. ఆయాసపడుతూ ఆమె అంటున్న మాటలు మెట్ల మీదికి వినపడ్డాయి.

“సార్, ఫోన్ ఇంట్ల మర్చిపోయిన. ఓటీపీ ఎట్ల మరి?”

“ఫికర్ చెయ్యకమ్మా. రిటర్న్ ఇయ్యాల వేసేద్దం. ఓటీపీ కొట్టనీకి ఇంక నెల దినాల టైముంది.”

జిప్పోరా ఠక్కున ఆగిపోయింది. మొహం ఎర్రబడింది.

“విన్నవా? నెల దినాలుందంట! మరి నాకెందుకు గట్ల చెప్పిండు? ఉండు, అడిగొస్త.”

వెనక్కి తిరగబోయిన ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు హెర్బర్ట్.

“ఆయన్నేం అనకు జిప్పీ. ఓడిపోయింది నేను. గట్ల చెప్పుమని పొద్దుగాల్నే వచ్చి బతిలాడింది నేనే.”