మ్యాటడోర్‌లో మెత్తటి పరుపు

"గింత గట్టిగున్నదేందిరా? కడుపుతోటి ఉన్నోళ్ళు గీ చెక్క మీద పండుకొని సిరిసిల్ల దాకా పోతరా?"

సుందరమ్మ వ్యాన్‌లోని బల్లను అరచేత్తో నొక్కి చూసి కొడుకును కసిరింది. ప్రహ్లాద్ సుత్తి పట్టుకుని బిక్కమొహం వేశాడు. ఆదివారాలన్నీ ధారపోసి చేసిన బల్ల మరి!

"పరుపేస్త గదనే అమ్మా."

"ఒక్కటి జాలదు. రెండెయ్యి. పక్కలకు మెత్తలు వెట్టు."

సుందరమ్మకు నలభై ఏళ్ళు కూడా లేవు గాని, పెత్తనానికి మాత్రం ఎనభై ఏళ్ళు. దబీర్‌పురా గల్లీలో ఆమె మాటకు ఎదురు చెప్పిన మగాడు లేడు. రైల్వేలో పనిచేసే భర్త బసవయ్య అయితే అసలు మాటే చెప్పడు.

ప్రహ్లాద్ అఫ్జల్‌గంజ్‌లో ఒక షెడ్డులో మెకానిక్. కిందటేడు ఒక తెల్లదొర, దొరసాని, చంటిబిడ్డ ఎక్కడో విలాయతు నుంచి వ్యాన్‌లో వచ్చి, అది చెడిపోతే ఆ షెడ్డుకే తెచ్చారు. లోపల మంచం, పొయ్యి, పరదా! అది చూసినప్పటి నుంచి ప్రహ్లాద్‌కు అదే పిచ్చి. ఇప్పుడు భార్య సుశీలకు అయిదో నెల. బస్సు వాసన తగిలితే చాలు, ఆమెకు పేగులు నోట్లోకొస్తాయి. షెడ్డు యజమాని కైలాసాన్ని బతిమాలి పాత మ్యాటడోర్ వ్యాన్ అడిగి తెచ్చాడు.

సిరిసిల్లలో సుందరమ్మ అక్క కాశమ్మ ఉంది. మంత్రసాని. ఆమె చేతిలో పడని పిల్ల ఆ ఊళ్ళో లేదంటారు. రెండేళ్ళ కిందట కూతురు రాజమణి పుట్టినప్పుడు సుశీల చచ్చి బతికింది. తల్లి లేని పిల్ల, పుట్టిల్లు లేదు. ఈసారి నెల తప్పిందని తెలిసిన రోజే ఆమెకు భయం పట్టుకుంది. "ఈసారి నేను బతకనేమో" అని మొగుడి దగ్గర ఏడ్చింది కూడా. అప్పుడు సుందరమ్మే అన్నది, "అక్క దగ్గరికి పోదాం, పురుడయినంక వద్దాం" అని.

"ఇప్పటిసందే ఎందుకత్తమ్మా? ఏడో నెలల పోతే?" అంది సుశీల.

"ఏడో నెలల అయితే ఎత్తుగ కనవడ్తది. వాడకట్టోళ్ళ కండ్లు మంచియి గావు. దిష్టి తగుల్తది."

ఆ మాటకు సుశీల కరిగిపోయింది. రాజమణి కడుపులో ఉన్నప్పుడు ఎనిమిదో నెల దాకా నల్లా నీళ్ళు మోయించిన అత్త ఈమేనా? ఇప్పుడు బిందె ముట్టనివ్వదు. తానూ ముట్టదు. నీళ్ళన్నీ ప్రహ్లాదే మోస్తుంటే గల్లీ అంతా నవ్వింది. "నవ్వుకోని, పండ్లు రాల్తయా?" అని సుందరమ్మ వాళ్ళ నోళ్ళు మూయించింది.

బసవయ్య సాయంత్రం రెండు పొట్లాల పచ్చి మామిడికాయలు తెచ్చాడు. కోడలితో నేరుగా మాట్లాడే అలవాటు లేదు కాబట్టి గడపకు చెప్పినట్టుగా "తినుమను" అనేసి తల వంచుకుని వెళ్ళిపోయాడు.

"మామకు గూడ నా మీద ఎంత ప్రేమ, ఎంత పావురమో!" అంది సుశీల కళ్ళు తుడుచుకుంటూ.

"ఆఁ, ఉన్నది తియ్యి పావురం!" అని సుందరమ్మ మొహం తిప్పుకుంది.

ఇక ప్రయాణం లెక్కలు మొదలయ్యాయి.

"గంటకోసారి బండి ఆపాలె," అంది సుందరమ్మ. "కడుపుతోటి ఉన్నోళ్ళకు ఊకె ఒంటికొస్తది."

"ఆపుత."

"గతుకులొస్తే మెల్లగ నడుపు. డోకులొస్తయ్. నిమ్మకాయలు వెట్టు."

"పెట్టిన."

"రాజమణిని ముందర నీ పక్కన కూసోవెట్టుకో. మేమిద్దరం ఎనుక పండుకుంటం."

"నువ్వెందుకే ఎనుక? ముందర కూసుంటే దారి మంచిగ కనవడ్తది గద!"

"నేను సిరిసిల్ల దారి సూడలేదారా? పిల్లను ఒక్కదాన్ని ఎట్ల ఇడిచిపెడ్త?"

బయలుదేరే రోజు పొద్దున రాజమణి స్టీరింగ్ ముందు నిలబడి హారన్ మోగించి గల్లీ మొత్తాన్ని లేపింది. పక్కింటి ఆగమ్మ సద్దిమూట అందిస్తూ అంది: "పెట్టి పుట్టినవ్ సుశీలా! అత్త గాదు, నీకు తల్లి."

మ్యాటడోర్ కదిలింది. రెండు పరుపుల మీద అత్తాకోడళ్ళు పక్కపక్కనే నడుం వాల్చారు. మూసీ దాటేసరికి సుశీలకు దుఃఖం ఆగలేదు. సుందరమ్మ చెయ్యి పట్టుకుంది.

"అత్తమ్మా, మస్తు భయపడ్డ నేను. ఇప్పుడు ఫికర్ లేదు. నా కన్నతల్లి బతికున్నా నా కోసం గింత జేసేది గాదు. నీ రుణం ఎట్ల తీర్చుకోవాలె?"

సుందరమ్మ మొహం జేవురించింది. లేచి, కొడుకుకూ తమకూ మధ్యనున్న పరదా గట్టిగా లాగింది.

"రుణం గిణం అనకే, సిగ్గుతోటి సచ్చిపోతున్న."

"సిగ్గెందుకత్తమ్మా?"

సుందరమ్మ కోడలి చెవి దగ్గరకు వంగింది.

"నాకు గూడ అయిదో నెలనే."