నడిపినవాడే తీసుకురావాలి

స్టార్టవకపోతే బాగుణ్ణు అనుకున్న మాట నిజమే. అనుకోవడానికేం, మనిషి మనసులో లక్ష అనుకుంటాడు. కానీ నిజంగానే స్టార్టవకపోయేసరికి అన్నకి అరికాళ్ళలో చెమట పట్టింది. తన కోరికే వెళ్ళి ఇంజన్లో ఇరుక్కుందేమో అన్నట్టు, కారు వైపు చూడలేక గోడ వైపు చూశాడు.

"ఇంకోసారి నొక్కవయ్యా," అన్నాడు పక్క సీట్లో కూర్చున్న హెడ్ కానిస్టేబుల్.

డ్రైవర్ సీట్లో ఉన్న తమ్ముడు బటన్ నొక్కాడు. స్టీరింగు వెనక దీపాలన్నీ వెలిగాయి. ఇంజన్ మాత్రం కిమ్మనలేదు.

"బ్యాటరీ దిగిపోయుంటుంది సార్. పదకొండు రోజులు కవరు కప్పి పడుకోబెడితే ఎంత కొత్త బండైనా అంతే," అన్నాడు, అదేమంత పెద్ద విషయం కానట్టు.

పదకొండు రోజులు. సైకిలు మీద వెళ్తున్న ముసలాయన తొడ ఎముక విరిగి ఆస్పత్రిలో పడి కూడా పదకొండు రోజులే. గుద్దిన కారు ఆగకుండా వెళ్ళిపోయింది. ఎవరో నంబరు రాసుకున్నారు. పోలీసులు ఇంటికొచ్చిన రోజు తమ్ముడే ముందుకొచ్చి, 'అన్నయ్య కారు నేను తీసుకెళ్ళాను' అని రాసిచ్చాడు. ఇవాళ బండినీ, నడిపినవాణ్ణీ కలిపి స్టేషన్లో అప్పజెప్పాలి. లోపలికి వెళ్ళినవాడు ఎప్పుడు బయటికొస్తాడో తెలీదు. లైసెన్సు ఎలాగూ పోతుంది. పదేళ్ళుగా కొరియర్ వ్యాను నడుపుకుని బతికేవాడికి లైసెన్సు పోవడమంటే చేతులు పోవడమే.

తమ్ముడు ఆ కాగితం మీద సంతకం పెట్టిన రాత్రి అన్నకి ఒళ్ళు తెలీని నిద్ర పట్టింది. అంతకుముందు వరసగా నాలుగు రాత్రులు కన్ను మూతపడలేదు. ఆ నిద్రని తల్చుకుంటేనే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

తమ్ముడు దిగి బానెట్ ఎత్తాడు. ఆ కుదుపుకి పగిలిన హెడ్‌లైటు ముక్క ఒకటి కింద రాలింది. దాన్ని కాలితో పక్కకి నెట్టి, బ్యాటరీ తీగలు విప్పి, కొనలు గరుకు కాగితంతో రుద్ది బిగించాడు. హారన్ కొట్టి చూశాడు. వీధి చివరిదాకా మోగింది. ఎదురింటి బాల్కనీలోంచి ఇద్దరు తొంగిచూశారు.

"హారన్ అంత గట్టిగా అరుస్తుంటే బ్యాటరీకేం రోగం?" అన్నాడు హెడ్. "పెట్రోలుందా?"

"సగం పైనే ఉంది సార్."

"మరింకేంటి?"

"అలిగింది సార్. మా అన్నయ్య బండి కదా, ఆయన పోలికే. లోపల దీపాలన్నీ వెలుగుతుంటాయి, ఒక్క ముక్క బయటికి రాదు."

హెడ్ నవ్వాడు. అన్న కూడా నవ్వబోయాడు, పెదవులు కదల్లేదు. జైలుకి పోతున్నవాడు జోకులేస్తున్నాడు. ఇంటి మెట్టు మీద నిలబడ్డవాడికి నవ్వు రావడం లేదు.

ఏదో చెప్పబోతూ ఒక అడుగు ముందుకేశాడు.

"మీరుండండి," అంది భార్య వెనకనుంచి మెల్లగా. "మధ్యాహ్నం కాలేజీలో క్లాసుంది మీకు. ఇస్త్రీ చొక్కా నలిగిపోతుంది."

చొక్కా గురించే అన్నట్టుగా అంది. చెయ్యి మాత్రం అతని మోచేతిని వదల్లేదు.

తమ్ముడు ఫ్యూజుల డబ్బా తెరిచాడు. ఒక్కొక్కటే పీకి, వెలుగుకి పట్టి చూసి, మళ్ళీ గుచ్చాడు. ఒక్కటీ కాలిపోలేదు. తాళంలో ఉండే చిన్న సెల్లు తీసి, చొక్కాకి తుడిచి, మళ్ళీ వేశాడు. కూర్చున్నాడు. నొక్కాడు. మళ్ళీ దీపాలే.

హెడ్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "మాస్టారూ, మీ బండే కదా, మీకేమైనా తెలుస్తుందేమో చూడండి."

"నాకు బళ్ళ గురించి అంతగా తెలీదండీ," అన్నాడు అన్న. ఆ గొంతు తనది కాదనిపించింది.

"సరే, మీరేం బాధపడకండి. తాళం ఇంట్లో పెట్టుకున్న పాపానికి మీరు మాత్రం ఏం చేస్తారు? మా ఇంట్లోనూ ఉన్నాడొకడు ఇలాంటివాడే. తోడబుట్టినవాళ్ళని ఏరుకుని తెచ్చుకుంటామా?"

ఆ ఓదార్పుని అన్న తల వంచుకుని అందుకున్నాడు. పక్కింటివాళ్ళ పార్సిలుకి సంతకం పెట్టి తీసుకున్నట్టు అనిపించింది.

హెడ్‌కి ఓపిక అయిపోయింది. గడియారం చూసుకున్నాడు. "పొద్దస్తమానం స్టీరింగు పట్టుకునేవాడివి, స్టార్ట్ చెయ్యడం చేతకాలేదంటే ఎవరైనా నవ్వుతారయ్యా. ఇంక లాభం లేదు. తాడు కట్టి లాగిస్తాను. నువ్వు నడిచిరా నాతో, వీధంతా చూస్తుంది."

"ఒక్క నిమిషం సార్."

తమ్ముడి మొహంలో నవ్వు మొదటిసారి చెదిరింది. ఎడమకాలు ఈ బండిలో లేని క్లచ్చి కోసం ఖాళీ మ్యాటు మీద తడుముకుంటోంది. తలెత్తి అన్న వంక చూశాడు. చిన్నప్పుడు లెక్క రానప్పుడు అన్న పలక వైపు ఇలాగే చూసేవాడు. అడిగేవాడు కాదు. ఊరికే చూసేవాడు.

భార్య వేళ్ళు మోచేతి మీద బిగిశాయి. అన్న వాటిని ఒక్కొక్కటే విడదీసుకున్నాడు. మెట్లు దిగాడు. కారు తలుపు తీశాడు.

"దిగరా," అన్నాడు.

"నువ్వు లోపలికెళ్ళు అన్నయ్యా."

"దిగమన్నానా."

తమ్ముడు దిగాడు. అన్న ఆ సీట్లో కూర్చుని, హెడ్ కానిస్టేబుల్ చూస్తుండగానే, ఆ సాయంత్రం సైకిలు అడ్డొచ్చినప్పుడు తను ఆలస్యంగా తొక్కిన బ్రేకు మీద కుడికాలు గట్టిగా ఆనించి బటన్ నొక్కేసరికి, బండి ఒక్కసారికే స్టార్టయింది.