ఎదురు కొట్టు టీ

టెహ్రాన్ బజారులో నాది టీ కొట్టు. విదేశీ రాయబారి కచేరీలో గుమాస్తా అయిన నా కొడుకు ఫర్రూఖ్ మాత్రం రోజూ ఎదురుగా ఖుర్బాన్ కొట్టులోనే తాగేవాడు. నాకు ఒకటే కుళ్లు.

"ఏం పెద్దాయనా, కన్నకొడుక్కే నీ టీ దిగట్లేదా?" అని ఖుర్బాన్ అందరి ముందూ నవ్వేవాడు.

ఇవాళ పట్టలేక కొడుకుని నిలదీశాను. "ఆ ఖుర్బాన్ టీ కాగులో ఏం తేనె మరుగుతోందిరా?"

ఫర్రూఖ్ గొంతు తగ్గించాడు. "బాబా, మన రాజు షాగారు అందరూ పెట్టుకోవాలన్న కొత్త టోపీని ఎవరు ఏ కొట్టులో తిట్టారో నేను మా కచేరీ దొరలకు రాసివ్వాలి. ఆ కాగితం పోలీసుల కంటబడితే ఆ కొట్టుకి తాళమే. నీ కొట్టులో మాట నా చెవిన పడకూడదనే రాను."

నా బంగారు కొండ! కావలించుకుని ఏడ్చేశాను.

"రా నాయనా, నీ చోటు ఖాళీగానే ఉంచా!" ఎదురుగా గ్లాసు కడుగుతూ ఖుర్బాన్ పిలిచాడు.

మొదటిసారి నాకు కుళ్లు పుట్టలేదు.